ఆస్తి పన్ను కట్టి, నీళ్లు కొనుక్కుని కూడా బెంగళూరులోనే ఎందుకు ఉంటున్నారు?

హొరమావు వాసి:

అందరికీ నమస్కారం. బెంగళూరులో సొంత ఇల్లో ఫ్లాటో ఉన్న తెలుగువారి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను. అద్దెకు ఉండేవారి కష్టాలు వేరు, వాటి మీద ఇక్కడ ఇదివరకే బోలెడు చర్చ జరిగింది కాబట్టి దీనిని సొంత ఇంటివారికే పరిమితం చేయవలసిందిగా మనవి.

మాది కావలి. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, కొన్నేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాక, హొరమావులో 1,200 చదరపు అడుగుల పాత ఫ్లాటు కొనుక్కున్నాం. ఈ ఏప్రిల్‌లో ఆస్తి పన్ను కట్టడానికి కూర్చుంటే పన్ను, దాని మీద సెస్, ఆ పైన చెత్త రుసుము అన్నీ కలిసి ఆరు వేలకు దగ్గరగా తేలింది. ఆరు వేలు పెద్ద మొత్తమని నేను అనడం లేదు. అయితే చలానా డౌన్‌లోడ్ చేసుకున్న ఆ పూటే కింద సంపు దగ్గర ట్యాంకరు నిలబడి ఉంది. వాచ్‌మన్ పైపును సంపులోకి దింపి, ట్యాంకరు నంబరూ వచ్చిన వేళా నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఆ పుస్తకంలోని లెక్క, జనరేటరు డీజిలు, సెక్యూరిటీ జీతాలు, మురుగునీటి శుద్ధి యంత్రం ఖర్చు అన్నీ కలిసి మాకు నెలకు 4,800 రూపాయల మెయింటెనెన్స్‌గా వస్తున్నాయి. వీధి దీపం, రోడ్డు, కాలువ వంటి వాటి సంగతి వానాకాలంలో మా వీధి చూసినవారికి చెప్పనక్కరలేదు.

మా నాన్నగారు ఊళ్లో మునిసిపాలిటీ పన్ను కట్టి, కుళాయి తిప్పి నీళ్లు పట్టుకునే మనిషి. ఆయన ఫోను చేసినప్పుడల్లా "పన్నూ కట్టి, నీళ్లూ కొనుక్కుని ఉండడానికి అక్కడ అంత ఏముందిరా? హైదరాబాదుకైనా రాకూడదా, పండక్కి వచ్చిపోవడానికైనా వీలుగా ఉంటుంది" అంటున్నారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

కాబట్టి అడగదలచినవి ఇవి. ఈ పన్ను అసలు ఎలా లెక్క కడతారు? మా పై అంతస్తులో ఇదే కొలతల ఫ్లాటును అద్దెకిచ్చిన ఆయనకు నాకంటే దాదాపు రెట్టింపు ఎందుకు వచ్చింది? ఇంత కట్టి, ఇన్ని కొనుక్కుని కూడా మీరందరూ ఇక్కడే ఎందుకు ఉంటున్నారు? మూడోదానికి మొహమాటం లేకుండా జవాబు చెప్పండి.

లెక్కల మనిషి (జేపీ నగర్):

హొరమావు వాసి గారూ, ఖాతాదారుల పన్ను పత్రాలు నింపడం నా వృత్తిలో భాగం కాబట్టి మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలను. మూడోదానికి కూడా కొంత జవాబు ఈ లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

యజమానే తన పన్ను తాను లెక్కగట్టుకుని కట్టే స్వయం మదింపు పద్ధతి బెంగళూరులో 2000లో వచ్చింది. 2008-09 నుంచి దానికి యూనిట్ ఏరియా వాల్యూను ప్రాతిపదికగా పెట్టారు. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన గైడెన్స్ వాల్యూను (ఆ ప్రాంతపు ఆస్తికి ప్రభుత్వం కట్టిన కనీస ధరను) బట్టి నగరంలోని వీధులన్నిటినీ ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు జోన్లలో సర్దారు. జోనును బట్టి, కట్టడం రకాన్ని బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంతని ఒక రేటు ఉంటుంది. ఆ రేటును విస్తీర్ణంతో హెచ్చవేసి, పన్నెండు నెలలకు బదులు పది నెలలకే లెక్క కడతారు. అందులోంచి కట్టడం వయసుకు తగిన తరుగుదల తీసివేశాక మిగిలిన దాని మీద నివాస గృహానికి 20 శాతం, వాణిజ్య కట్టడానికి 25 శాతం పన్ను పడుతుంది. యజమాని స్వయంగా నివసిస్తే రేటు ఒకటి, అద్దెకిస్తే దానికి రెట్టింపు. మీ పై అంతస్తు ఆయన చలానాలో కనిపించిన తేడా అదే. ఆయన నిజాయితీగా అద్దెకిచ్చానని చూపించారన్నమాట. చాలామంది చూపించరు, తరువాత ఎక్కడో తేడా బయటపడి బకాయి, జరిమానా కలిపి నోటీసు వచ్చినప్పుడు మా ఆఫీసుకు పరుగెత్తుకుని వస్తారు. ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి: అద్దెకిచ్చిన ఇంటి మీద ఆ ఏడాది యజమాని కట్టిన ఆస్తి పన్నును ఆదాయపు పన్ను లెక్కలో అద్దెలోంచి తీసివేసుకోవచ్చు. స్వయంగా ఉంటున్న ఇంటికి ఆ వెసులుబాటు లేదు.

ఇక మీ చలానా. కారు నిలిపే చోటుకు విడిగా పడేదీ, పాతబడినందుకు తగ్గేదీ రెండూ పక్కన పెట్టి, మీ రేటు చదరపు అడుగుకు రూపాయి అరవై పైసలు అనుకుందాం. 1,200 అడుగులకు పది నెలలకు 19,200 అవుతుంది. అందులో 20 శాతం 3,840. దాని మీద ఆరోగ్యానికి 15, గ్రంథాలయాలకు 6, భిక్షుకుల పునరావాసానికి 3 చొప్పున మొత్తం 24 శాతం సెస్ వేస్తే మరో 922. వెరసి 4,762 రూపాయలు. చెత్త రుసుము 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతో పాటే వసూలవుతోంది. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల వరకు ఉన్న శ్రేణులలో 1,001 నుంచి 2,000 అడుగుల ఇళ్లకు నెలకు 100, అంటే ఏడాదికి 1,200. అక్కడికి 5,962. ఏప్రిల్ నెలలోనే మొత్తం కట్టేస్తే ఆస్తి పన్ను మీద 5 శాతం రాయితీ ఉంటుంది.

ఇప్పుడు మీరు రాసిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాది మొత్తానికి మీరు నగరానికి కడుతున్న ఆస్తి పన్ను, మీ అసోసియేషన్‌కు ఒక్క నెలకు కడుతున్న మెయింటెనెన్స్‌తో సమానంగా ఉంది. మీ కోపం చలానా మీద చూపిస్తున్నారు గానీ, మీ జేబుకు చిల్లు పెడుతున్నది రెండోది.

ఈ రెండింటికీ సంబంధం ఉందనే నేను అనుకుంటున్నాను. యూనిట్ రేట్లను 2008 తరువాత 2016లో ఒకసారి పెంచారు. ఆ తరువాత భూమి ధరలు ఎంత ఎగబాకాయో మీకు తెలుసు. పన్ను రేట్లు మాత్రం వాటి వెంట పోలేదు. 2024లో పన్నును నేరుగా గైడెన్స్ వాల్యూకు ముడిపెట్టాలన్న ప్రతిపాదన వచ్చి, అభ్యంతరాల మధ్య వాయిదా పడింది. మరో పక్క 2007లో పాత నగరానికి చుట్టుపక్కల ఏడు పట్టణ పురసభలను, ఒక చిన్న పురసభను, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను, అంటే నగర పాలక సంస్థను, ఏర్పాటు చేశారు. కలిపిన రోజునే అక్కడికి కావేరి గొట్టం రాలేదు. ఆ 110 గ్రామాలను దృష్టిలో పెట్టుకుని చేపట్టిన కావేరి నీటి పథకం అయిదో దశ, రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో, 2024 అక్టోబరులో గానీ ప్రారంభం కాలేదు. మధ్యలోని ఆ పదిహేడేళ్లూ బోరూ ట్యాంకరే దిక్కు. నగరం మన దగ్గర తక్కువ తీసుకుంటోంది, తక్కువ ఇస్తోంది, ఆ మిగిలినదంతా మనం బజారులో చిల్లరగా కొనుక్కుంటున్నాం.

మీ మూడో ప్రశ్నకు ఒక పొడి జవాబు కూడా ఉంది. మీ ఫ్లాటు అమ్మి హైదరాబాదులో ఎనభై లక్షలకు ఇంకొకటి కొన్నారనుకోండి. అక్కడ స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే ఆరు లక్షలు. మీరిప్పుడు కడుతున్న పన్నుకు అది వందేళ్ల మొత్తం. పన్ను కోసం ఊరు మారే ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

అలసూరు పాతకాపు:

లెక్కల మనిషి గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. "నగరం తక్కువ తీసుకుంటోంది" అన్న మాట మాత్రం అందరికీ ఒకే రీతిగా వర్తించదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మా తాతగారి కాలం నుంచి మేము అలసూరులోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం మాట్లాడుతూ పెరిగినవాళ్లం. ఐటీ వచ్చాకనే తెలుగువాళ్లు బెంగళూరుకు వచ్చారనుకునేవారు ఒకసారి సోమేశ్వరుని గుడి చుట్టుపక్కల ఉన్న పాత ఇళ్ల తలుపులు తట్టి చూడాలి. మా ఇల్లు చిన్న స్థలంలో కట్టిన పాత మిద్దె ఇల్లు. ఈ స్థలానికి ఇవాళ బ్రోకర్లు చెబుతున్న ధర వింటే, నా సర్వీసు మొత్తంలో తీసుకున్న జీతాలన్నీ కలిపినా అందులో మూలకు రాదు. అంటే నేను నివసిస్తున్న ఇంటిని నేనే ఈరోజు కొనలేను. పన్ను ఇప్పటిలాగా విస్తీర్ణాన్ని, కట్టడం వయసును చూసి వేస్తే నా పింఛనులోంచి కట్టగలను. రేపు దానిని గైడెన్స్ వాల్యూకు ముడిపెడితే, నేను అమ్మని, అమ్మాలని కూడా అనుకోని స్థలం ధరను బట్టి పన్ను కట్టవలసి వస్తుంది. స్థలం ధర పెరిగినందువల్ల నా చేతికి వచ్చినది ఒక్క రూపాయి లేదు. 2024లో ఆ ప్రతిపాదన వాయిదా పడినప్పుడు ఊపిరి పీల్చుకున్నవారిలో మా వీధి ముసలివాళ్లందరూ ఉన్నారు. రేట్లు పెంచితే సౌకర్యాలు పెరుగుతాయన్న వాదన కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, ముందు పెరిగేది రేటు, తరువాత ఎప్పుడో పెరిగేది సౌకర్యం.

ఇంకొక సంగతి కూడా గుర్తు చేస్తాను. 2016లో రేట్లతో పాటు కొన్ని వీధుల జోన్లు కూడా మార్చారు. పాత జోను ప్రకారమే కడుతూ పోయిన వేలాదిమంది యజమానులకు ఏళ్లు గడిచాక, 2021 ప్రాంతంలో, తేడా కట్టమని జరిమానాతో సహా నోటీసులు వచ్చాయి. జరిమానా మీద ఎంత గొడవ జరిగిందో పత్రికలు చదివినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. హొరమావు వాసి గారు తమ వీధి ఏ జోనులో ఉందో చలానాలో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఎందుకు ఉంటున్నారని అడిగారు కదా. మాకు కావేరి నీళ్లు కొళాయిలో వస్తాయి, మెట్రో స్టేషను నడిచి వెళ్లే దూరంలో ఉంది, రాత్రి పూట ఒంట్లో బాగాలేకపోతే పేరు పెట్టి పిలిచి తలుపు తీసే డాక్టరు ఉన్నాడు. ఈ మూడూ ఉన్న చోటును వదిలి, కొడుకు చెప్పాడని ఊరి చివర పెద్ద అపార్ట్‌మెంటుకు పోయిన మా పక్కింటివారు, ఇప్పుడు మందుల కోసం కూడా పని గట్టుకుని ఇక్కడికే వస్తున్నారు. మీది కొత్త పేట, మాది పాత పేట. ఒకే నగరంలో ఉన్నా మనిద్దరి ప్రశ్న ఒకటి కాదు.

బి-ఖాతా బాధితుడు:

పెద్దవారు చెప్పినది నిజం. నేను ఉంటున్నది కేఆర్ పురం దాటాక, చెరువుకూ రాజకాలువెకూ (పెద్ద వాననీటి కాలువకూ) మధ్య ఉన్న ఒక అపార్ట్‌మెంటు. అక్కడి అసోసియేషన్‌కు ట్రెజరర్‌ను కూడా నేనే, వేరే ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి. మాది బి-ఖాతా. మేము ఎందుకు ఉంటున్నామన్న ప్రశ్నకు మా జవాబు సూటిగా ఉంటుంది: వెళ్లడం కష్టం కాబట్టి.

ఖాతా సంగతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఖాతా అంటే పాలికె ఆస్తి రిజిస్టరులో మన ఆస్తికి ఉండే నమోదు. భూ మార్పిడి అనుమతి, నక్షా మంజూరు వంటివి సవ్యంగా ఉన్న ఆస్తికి ఎ-ఖాతా ఉంటుంది. వ్యవసాయ భూమిని మార్పిడి చేయకుండానే లేఅవుటు వేసినవి, అనుమతికి మించి అంతస్తులు లేపినవి, ఇటువంటివన్నీ బి రిజిస్టరులోకి వెళతాయి. వాటి దగ్గర కూడా పన్ను వసూలు చేసుకోవడానికి పెట్టిన రిజిస్టరు అది. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదని చట్టంలోనే ఉంది. అక్రమాలను రుసుముతో క్రమబద్ధం చేస్తామన్న అక్రమ-సక్రమ పథకం మీద 2017 జనవరిలో సుప్రీం కోర్టు స్టే ఇచ్చాక ఆ ఆశ కూడా నిలిచిపోయింది.

పన్ను విషయంలో మాత్రం నగరం ఎ, బి అని తేడా చూడదు. రేటు అదే, సెస్ అదే, చెత్త రుసుము అదే, ఆలస్యమైతే వడ్డీ కూడా అదే. బ్యాంకులు మాత్రం తేడా చూస్తాయి. మా భవనంలో ఒకాయన దుబాయికి వెళ్లిపోతూ ఫ్లాటు అమ్మకానికి పెడితే, చూసినవారందరికీ ఇల్లు నచ్చింది. బి-ఖాతా అనగానే వారికి కావలసిన గృహ రుణం దొరకక ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. చివరికి పూర్తిగా సొంత డబ్బుతో కొనేవాడు దొరికాడు, వాడు అడిగిన ధర కూడా అలాగే ఉంది. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కు ఇ-ఖాతా (ఖాతా డిజిటల్ పత్రం) తప్పనిసరి చేశాక పాత పన్ను రసీదులు ఇంకా ముఖ్యమయ్యాయి. దరఖాస్తుతో పాటు ఆస్తి పన్ను నంబరు, కరెంటు బిల్లు నంబరు, రిజిస్టరు పత్రం, ఆధారు అన్నీ సరిపోవాలి.

అందువల్ల మా భవనంలో ఆస్తి పన్ను ఎగ్గొట్టేవాడు ఒక్కడూ లేడు. మెయింటెనెన్స్ మూడు నెలలు బకాయి పెట్టి, నోటీసు బోర్డులో పేరు రాసినా పట్టించుకోని మహానుభావులు కూడా ఏప్రిల్ మొదటి వారంలో పన్ను కట్టి, రసీదు ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంటారు. రోడ్డు కోసమో నీళ్ల కోసమో వాళ్లు కట్టడం లేదు. రేపు ప్రభుత్వం ఏదైనా సక్రమం చేసే దారి చూపిస్తే, ఏనాడూ బాకీ లేమని చూపించడానికి చేతిలో ఒక వరుస ఉండాలని కడుతున్నారు. హొరమావు వాసి గారు చలానాను ఖర్చుగా చూస్తున్నారు. మావాళ్లకు అది ఇంటి పత్రాలలో ఒకటి.

అనంతపురం తిరిగి వెళ్లినవాడు:

ఇక్కడ తిరిగి వెళ్లినవాడిని నేనొక్కడినే ఉన్నట్టున్నాను కాబట్టి అవతలి ఒడ్డు సంగతి చెబుతాను.

ఊరికి పోతే పన్ను తక్కువ ఉంటుందనుకోవడం పాత మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాస గృహానికి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి ఉంది. వినడానికి చల్లగా ఉంటుంది గానీ, ఆ 15 శాతం ఒక్క ఏడాదితో ఆగదు. కొత్త లెక్క ప్రకారం రావలసిన మొత్తం వచ్చేదాకా ఏటా ఎక్కుతుంది. మూడు వేల పన్ను అలా అయిదేళ్లు పెరిగితే ఆరు వేలు దాటుతుంది. అలసూరు పెద్దాయన భయపడుతున్న ముడి మా ఊళ్లో ఇప్పటికే పడిందన్నమాట. కావలి నాన్నగారి రసీదులు కొన్నేళ్లవి ఒకచోట పెట్టి చూడమనండి.

నేను వెళ్లినది పన్ను కోసం కాదు. కోవిడ్ కాలంలో ఇంటి నుంచే పని అన్నారు, అమ్మకు మోకాళ్ల ఆపరేషను అయింది, ఇక ఇక్కడ ఎందుకని మహదేవపుర ఫ్లాటు అద్దెకిచ్చి అనంతపురం వెళ్లిపోయాం. అక్కడ బతుకు బాగుంది, అందులో అబద్ధం లేదు. తరువాత ఆఫీసుకు రమ్మన్నారు. ఇప్పుడు సోమవారం తెల్లవారుజామున బయలుదేరి వచ్చి, వారమంతా పీజీలో ఉండి, శుక్రవారం రాత్రికి ఇల్లు చేరుతున్నాను. నా సొంత ఫ్లాటులో ఎవరో ఉంటున్నారు, దానికి నేను అద్దె ఇంటి రేటున రెట్టింపు పన్ను కడుతున్నాను, దానికి అరగంట దూరంలో నేను ఒక మంచం అద్దెకు తీసుకుని పడుకుంటున్నాను. మా ఆవిడ ఈ మాట చెప్పి చుట్టాలందరినీ నవ్విస్తూ ఉంటుంది.

అంచేత నా దృష్టిలో ఉంటారా వెళతారా అన్నది జీతం ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి తేలే విషయం. భార్యాభర్తలిద్దరికీ వేరే ఊళ్లో ఒకేసారి ఉద్యోగం దొరకాలి, పిల్లల బడి సంవత్సరం మధ్యలో మారకూడదు. ఈ రెండూ కుదిరిన తరువాత పన్ను గురించి ఆలోచించవచ్చు. అప్పటికి ఎవరూ ఆలోచించరు.

హొరమావు వాసి:

జవాబు రాసిన పెద్దలందరికీ ధన్యవాదాలు. మా జోను సరిచూశాను, సరిగానే ఉంది. లెక్కల మనిషి గారు చూపించిన పోలిక మా అసోసియేషన్ గ్రూపులో పెడితే నిన్నటి నుంచి అదే చర్చ నడుస్తోంది. నా భార్య ఉద్యోగం మాన్యతా టెక్ పార్కులో, నాది బాగమనెలో కాబట్టి అనంతపురం వారు చెప్పిన షరతు మాకు ఇప్పట్లో కుదరదు.

ఒక సందేహం మిగిలింది. పన్ను తక్కువైనా ఎక్కువైనా, కట్టినందుకు మా వీధి కాలువ సంగతి ఎవరిని అడగాలి? కావలిలో నాన్నగారు వార్డు కౌన్సిలరు ఇంటికి పొద్దున్నే వెళ్లి అరుగు మీద కూర్చుంటారు. ఇక్కడ ఎవరి అరుగు మీద కూర్చోవాలో తెలియడం లేదు.

లెక్కల మనిషి (జేపీ నగర్):

ఆ అరుగు ఖాళీ అయి చాలా కాలమైంది. గత పాలికె సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తరువాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగక, అధికారులే పాలన నడిపారు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కూడా వార్డుల్లో జనం నిలదీయడానికి ఒక్క కార్పొరేటరు లేడు. మనం రాష్ట్రాన్ని, కేంద్రాన్ని తిట్టుకోవడంలో చూపించే ఉత్సాహం ఈ విషయంలో ఏనాడూ చూపించలేదు. పన్ను పది శాతం పెంచితే పత్రికలకు ఉత్తరాలు రాసిన కాలనీలు, ప్రతినిధి లేకుండా పన్ను కట్టడం గురించి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. 2025 సెప్టెంబరులో పాలికెను రద్దు చేసి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ అని అయిదు నగర పాలికెలు ఏర్పాటు చేశారు. మీ హొరమావు తూర్పు పాలికె కిందికి వస్తుంది. అక్కడి వార్డు ఓటర్ల జాబితాలో మీ దంపతుల పేర్లు ఉన్నాయా? నాకు తెలిసిన తెలుగు కుటుంబాలలో సగానికి సగం ఇక్కడ పన్ను కడతారు, ఓటు ఊళ్లో ఉంచుకుంటారు.

హొరమావు వాసి:

మా ఇద్దరి ఓట్లూ కావలిలోనే ఉన్నాయి. ఇక్కడికి మార్చుకుంటానంటే నాన్నగారు ఏమంటారో చూడాలి. పోలింగుకు వచ్చినప్పుడైనా ఇంటికి వస్తున్నాం కదా అని ఆయన ధైర్యం.

బి-ఖాతా బాధితుడు:

మార్చుకోండి. చిరునామా రుజువుకు ఏం పెట్టాలో తెలియకపోతే రాయండి; మా భవనంలో పోయిన ఏడాది అందరివీ ఒకేసారి పెట్టించాం, కరెంటు బిల్లుతో పని జరిగింది.